అడుగున మిగిలిన లీటరున్నర

మా నాన్నగారి కారు పదిహేడు నెలలు కదలకుండా నిలబడింది. 2024 జూలైలో మోకాలికి శస్త్రచికిత్స జరిగాక ఆయన కారు నడపడం మానేశారు. విజయవాడ పటమటలో మా ఇంటి పక్కనున్న రేకుల షెడ్డులో, ముక్కు లోపలికీ వెనుక భాగం చూరు కిందికీ వచ్చేలా ఆపిన ఆ పాత పెట్రోలు బండి అలాగే ఉండిపోయింది. మా అమ్మ అప్పుడప్పుడూ గుడ్డతో దుమ్ము దులపడం తప్ప దాని జోలికి ఎవరూ వెళ్ళలేదు. 2025 డిసెంబరు చివరి వారంలో నేను హైదరాబాదు నుంచి సెలవు మీద వెళ్ళినప్పుడు, సంక్రాంతికి అందరం దానిలోనే ఊరికి వెళ్ళవచ్చు కదా అనిపించి దాని మీద చేయి వేశాను. వేసిన మొదటి చేయే తప్పు.

బ్యాటరీకి చార్జింగు పెట్టించి తెచ్చి, బిగించి, ఇంజను ఆయిలు చూసి, చాలా జాగ్రత్తపరుడినన్న తృప్తితో తాళం తిప్పాను. వెనుక సీటు కింద పంపు జుమ్మని మోగింది. ఇంజను అందుకున్నట్టే అందుకుని, నాలుగు క్షణాలు వణికి, ఆగిపోయింది. మళ్ళీ తిప్పాను. ఈసారి అందుకోలేదు. మూడోసారి కూడా తిప్పాను. ఇంజను అందుకుందంటే పెట్రోలు అందినట్టే కదా, ప్లగ్గుల్లోనే ఏదో లోపం ఉంటుందని నాకు నేనే తీర్పు చెప్పుకుని, ఆటోనగర్ నుంచి నాన్నగారికి ఇరవై ఏళ్ళుగా తెలిసిన మేస్త్రిని పిలిపించాను.

ఆయన బానెట్ తెరవలేదు. నేరుగా వెనక్కి వెళ్ళి, పెట్రోలు మూత తీసి, ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశారు.

"తాళం పెట్టారా బాబూ?" అని అడిగారు.

"ఒకసారి పెట్టి చూశానండీ."

"ఒకసారంటే ఎన్నిసార్లు?"

మూడుసార్లని ఒప్పుకున్నాను. ఆయన ఏమీ అనకుండా, ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కూడా విప్పాలని మాత్రం తన కుర్రవాడికి చెప్పారు. ట్యాంకులో మంచి పెట్రోలు పైన, చెడ్డది అడుగున ఉంటాయి. పంపు ఎప్పుడూ అడుగు నుంచే తాగుతుంది. కాబట్టి నిలిచిపోయిన బండికి తాళం తిప్పిన మొదటి క్షణంలోనే ట్యాంకులోని అతి చెడ్డ భాగం ఫిల్టరు దాటి, గొట్టాలు దాటి, ఇంజెక్టర్ల దాకా వెళ్ళిపోతుంది. ఇంజను నాలుగు క్షణాలు నడిచిందంటే అది గొట్టాల్లో మిగిలి ఉన్న పాత పెట్రోలు మీద నడిచిందే తప్ప, ట్యాంకు బాగుందనడానికి అది సాక్ష్యం కాదు. నేను ప్లగ్గులను అనుమానించడానికి కారణమైన ఆ నాలుగు క్షణాలే నిజానికి ట్యాంకు మీద ఫిర్యాదు.

ముందుగా ఆ వాసన సంగతి చెప్పాలి. తాజా పెట్రోలు వాసన ముక్కుకు గుచ్చుకుని వెంటనే తేలిపోతుంది. మా ట్యాంకులోంచి వచ్చినది పుల్లగా, బరువుగా, చాలాకాలం మూత తీయని వార్నిషు డబ్బా వాసనలా ఉంది. పెట్రోలు ఒకే పదార్థం కాదు, తేలికవీ బరువైనవీ అయిన అనేక హైడ్రోకార్బన్ల కలగలుపు. వాటిలో తేలికైనవి ముందుగా ఆవిరైపోతాయి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు అందుకోవడానికి కావలసినవి అవే. మిగిలిన వాటిలో కొన్ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా జిగురుగా మారతాయి. ఎండ ఎంత ఎక్కువైతే ఈ రెండూ అంత త్వరగా జరుగుతాయి, విజయవాడ వేసవి గురించి విడిగా చెప్పనక్కరలేదు. బిగుతుగా మూసిన డబ్బాలో, నీడ పట్టున ఉన్న పెట్రోలు ఏడాది దాకా నిలవవచ్చు గాని, గాలి పీల్చే కారు ట్యాంకులో మూడు నుంచి ఆరు నెలలు దాటితే దాన్ని నమ్మడం కష్టం. మాది పదిహేడు నెలలది.

అయితే పాతబడటం ఒక్కటే అయితే ఇంత కథ ఉండేది కాదు. ముసలి పెట్రోలు ఇంజనును సతాయిస్తుంది, పొగ పెట్టిస్తుంది, కానీ చాలాసార్లు ఎలాగో నడిపిస్తుంది. ఇలా వణికి ఆగిపోయిందంటే నీళ్ళని మేస్త్రి అన్నారు. నాకు మన రాష్ట్రాల్లో అందరికీ వచ్చే అనుమానమే వచ్చింది: బంకువాడు కల్తీ పోశాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపారు. బంకు భూగర్భ ట్యాంకులో నీళ్ళు చేరితే, ఆ రోజు అక్కడ పోయించుకున్న బళ్ళు వరసగా రోడ్డు మీద ఆగుతాయట. వానాకాలంలో అలాంటివి తన దగ్గరకు ఒకే పూట మూడు నాలుగు వస్తాయట. నాన్నగారు చివరిసారి పోయించుకున్నాక ఇంటికి వచ్చి, ఇంకో రెండు వారాలు హాయిగా తిరిగారు. కాబట్టి నీళ్ళు చేరడం మా షెడ్డులోనే జరిగిందన్న మాట. ఎలా చేరాయో ఆ సాయంత్రం గాని తెలియలేదు.

ట్యాంకు ఖాళీ చేయడమంటే మూతలోంచి గొట్టం దించి నోటితో పీల్చడమని నా చిన్ననాటి జ్ఞాపకం. స్కూటర్ల కాలంలో ప్రతి వీధిలోనూ ఆ విద్య తెలిసినవాడు ఒకడుండేవాడు. మేస్త్రి కుర్రవాడు కూడా మొదట గొట్టం తెచ్చి పెదవుల దగ్గర పెట్టుకోబోతే ఆయన దాన్ని చేతిలోంచి లాగేసి గట్టిగా కోప్పడ్డారు. పెట్రోలు చాలా పలచని ద్రవం కావడం వల్ల గుక్కెడు నోట్లోకి వచ్చి కాస్త పొలమారితే చాలు, ఊపిరితిత్తుల్లోకి జారి అక్కడ పల్చగా పరచుకుంటుంది. కడుపులోకి పోయినదాని కంటే ఊపిరితిత్తుల్లోకి పోయినదే ప్రాణాంతకం. అందుకే పెట్రోలు మింగినవారికి వాంతి చేయించకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలని చెబుతారు, వాంతి వచ్చేటప్పుడు అది మళ్ళీ ఊపిరి దారిలో పడుతుంది కనుక. ఎలాగూ ఇప్పటి కార్లలో ఆ పాత విద్య పారదు. పెట్రోలు పోసే గొట్టంలో ఒకచోట రేకు తలుపో జాలీయో అడ్డం ఉండి, పైపును కిందికి పోనివ్వదు.

మా బండికి అదృష్టవశాత్తూ వెనుక సీటు మెత్త ఎత్తితే కింద గుండ్రటి రేకు మూత ఉంది, దాని కిందే పంపు. అలాంటి దారి లేని కార్లకు ట్యాంకునే కిందికి దించాలి, అది ఇంటి షెడ్డులో చేసే పని కాదు. మాది చేయవచ్చునని తేల్చుకున్నాక మేస్త్రి మొదట పనిముట్లు తీయలేదు, ఇంటి చుట్టూ ఒకసారి తిరిగారు. వంటింటి కిటికీ షెడ్డు వైపు తెరుచుకుంటుంది. "అమ్మా, పొయ్యి కట్టేసి కిటికీ మూసెయ్యండి. తులసికోట దగ్గర దీపం ఇవాళ వద్దు" అన్నారు. ధనుర్మాసంలో దీపం వద్దనడం అమ్మకు రుచించలేదు, పైగా తులసికోట షెడ్డుకు పదిహేను అడుగుల దూరంలో ఉంది. కానీ పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి లేచిపోదు, నీళ్ళలా నేల మీద పారుతుంది, పల్లంలో నిలుస్తుంది, దీపం దొరికేదాకా వెతుక్కుంటూ వెళుతుంది. సున్నాకు నలభై డిగ్రీలు దిగువన కూడా మండగల ఆవిరిని విడిచే ద్రవం అది. గాలిలో దాని ఆవిరి నూటికి ఒకటిన్నర పాళ్ళున్నా అంటుకుంటుంది. పదిహేను అడుగులు దానికి లెక్క కాదు. అమ్మ దీపాన్ని మేడ మీదికి మార్చింది.

బ్యాటరీ నెగటివ్ తీగ విప్పారు. ఫోన్లు వరండాలో పెట్టించారు. షెడ్డులో వేలాడే బల్బు స్విచ్చి ముట్టుకోవద్దన్నారు, పగటి వెలుతురులోనే పని కానిచ్చారు. పెట్రోలు పట్టడానికి నేను తెచ్చిన ప్లాస్టిక్ బకెట్‌ను పక్కకు నెట్టి, తమ దుకాణం నుంచి తెచ్చిన ఇనుప టిన్ను సిమెంటు నేల మీద పెట్టి, ఒక తీగతో దాన్ని కారు చట్రానికి కలిపారు. పారే పెట్రోలు గొట్టం గోడలకు రాసుకుంటూ విద్యుదావేశం కూడగడుతుంది. ప్లాస్టిక్ పాత్రలో అది పోయే దారి లేక పేరుకుని ఒక్క చిటుకుతో పని ముగించగలదు. ఈ మెలకువ చట్టంలోనూ కొంత కనబడుతుంది. 1934 నాటి పెట్రోలియం చట్టం అమ్మకానికి కాని పెట్రోలును లైసెన్సు లేకుండా ముప్పై లీటర్ల వరకు ఉంచుకోనిస్తుంది, కానీ గాజు లేదా జాడీ పాత్ర అయితే లీటరుకు, లోహపు పాత్ర అయితే ఇరవై అయిదు లీటర్లకు మించకూడదని, బిగుతైన మూత ఉండాలని చెబుతుంది. ప్లాస్టిక్ పేరు అందులో లేదు.

మూత విప్పే ముందు చేసిన పని నాకు అన్నిటికంటే నచ్చింది. సీటు కింద ఏళ్ళ తరబడి చేరిన ఇసుక, ఎండిన చీమల గూళ్ళు, ఎలుక కొరికిన స్పాంజి ముక్కలు పంపు మూత చుట్టూ గుట్టగా ఉన్నాయి. కుర్రవాడు పెయింటు బ్రష్షుతో వాటిని ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ ఊడ్చాడు. దానికే అరగంట పట్టింది. ట్యాంకులోని చెత్త తీయబోయి బయటి చెత్తను లోపల పడేసుకునేవాళ్ళే ఎక్కువని మేస్త్రి అన్నారు. తరువాత తీగల కొక్కెం, పెట్రోలు గొట్టం విప్పారు. గొట్టంలో ఒత్తిడి మిగిలి ఉండవచ్చునని ముందుగా గుడ్డ చుట్టారు, నేను మూడుసార్లు తాళం తిప్పిన పుణ్యమా అని నిజంగానే చిన్న చిమ్ము వచ్చి గుడ్డ తడిసింది. మూతను పట్టి ఉంచే రింగును ఇనుప ఉలితో కాకుండా ఇత్తడి కడ్డీ పెట్టి కొయ్య సుత్తితో కొద్దికొద్దిగా తట్టి తిప్పారు, నిప్పురవ్వ రాకుండా. పంపును నిటారుగా లాగకుండా ఒక పక్కకు వాల్చి బయటికి తీశారు. దానికి అంటుకుని ఉన్న సన్నని తీగ చివర తేలే బెండు వంగితే ఆ తరువాత జీవితాంతం పెట్రోలు ముల్లు అబద్ధం చెబుతుంది.

చేతిపంపు గొట్టం దించి పట్టడం మొదలుపెట్టాక పైభాగం పది నిమిషాల్లో వచ్చేసింది. ఆరున్నర లీటర్లు. పల్చని టీ డికాషను రంగు. కొలత గీతలున్న గాజు సీసాలో కొంత పట్టి వెలుగుకు పెడితే మడ్డి లేదు, తేటగానే ఉంది. ట్యాంకులోంచి ఇక గాలి తప్ప ఏమీ రావడం లేదు. నేనైతే అక్కడితో ఆపి, కొత్త పెట్రోలు పోసేవాడిని. చాలామంది ఆపుతారని కూడా తరువాత తెలిసింది. మేస్త్రి టార్చి అడగలేదు, లోపలికి తొంగి చూడలేదు. "జాకీ వెయ్యరా" అన్నారు.

కుర్రవాడు కారు ఎడమ పక్కను ఎత్తాడు. ట్యాంకు అడుగు చదునుగా ఉండదు, పంపు కూర్చునే చోట చిన్న గుంట ఉంటుంది, బండిని వాలిస్తే మూలల్లో దాగినది ఆ గుంటలోకి జారుతుంది. గొట్టం చివర అప్పటిదాకా తిన్నగా ఉండేది, దాన్ని కత్తితో ఏటవాలుగా కోశారు. తిన్నగా ఉంటే అడుగుకు అతుక్కుని నోరు మూసుకుంటుందట, ఏటవాలుగా ఉంటే అడుగు తాకుతూనే పీల్చగలదు. చేతిపంపు మళ్ళీ తిప్పగానే గొట్టంలో రంగు మారింది. డికాషను పోయి, బియ్యం కడిగిన కుడితి వచ్చింది. పారదర్శకత లేని బూడిదరంగు తెలుపు, మధ్యలో గోధుమరంగు నలకలు. చివరి పావు లీటరును పశువులకు మందు ఎక్కించే పెద్ద సిరంజికి సన్నగొట్టం తొడిగి లాగారు. మొత్తం కలిపితే లీటరున్నర.

సీసాలో పట్టి పావుగంట కదపకుండా ఉంచితే కుడితి కింద నిలబడి, పైన వేలెడు మందాన డికాషను తేలింది. రెండింటి మధ్య గీత కత్తితో కోసినట్టు ఉంది. సీసాను గోటితో తట్టితే ఆ గీత ఒక్కటే వణికేది, కలిసేది కాదు. లీటరున్నర నీళ్ళు మా ట్యాంకులోకి ఎలా పోయాయా అని నేను తల పట్టుకుంటే మేస్త్రి నవ్వి, "అవన్నీ నీళ్ళు కావు బాబూ, ఇప్పటి పెట్రోలులో స్పిరిట్టు ఉంది కదా, అది కూడా దిగిపోయింది" అన్నారు.

ఈ సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవలసినది. చెరకు నుంచీ ధాన్యం నుంచీ తీసే ఇథనాల్‌ను పెట్రోలులో కలపడం మనకు కొత్త కాదు. 2003లో అయిదు శాతం కలపడం మొదలైన తొమ్మిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. అది దేశమంతటా పది శాతానికి చేరడానికి 2022 దాకా పట్టింది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, అంటే ఈ20, 2023 ఫిబ్రవరిలో బంకుల్లోకి వచ్చింది. నాన్నగారు చివరిసారి పోయించిన బంకులో ఈ20 అన్న గుర్తు ఆయనకు గుర్తుంది. పూర్వపు పెట్రోలులో నీళ్ళు పడితే నూనె కింద నీళ్ళలా విడిగా అడుగున కూర్చునేవి, ఎన్ని పడ్డాయో అన్నే ఉండేవి. ఇథనాల్ అలా ఊరుకోదు. దానికి పెట్రోలుతోనూ స్నేహమే, నీళ్ళతోనూ స్నేహమే, కానీ నీళ్ళతోనే ఎక్కువ. కొద్దిపాటి తేమను అది తనలో ఇముడ్చుకుని పెట్రోలులోనే నిలబెడుతుంది, నిజానికి అది మేలే. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు మామూలు వేడిమిలో లీటరుకు సుమారు అయిదు మిల్లీలీటర్ల నీళ్ళను ఇలా మోయగలదు, ఇరవై శాతమైతే ఇంకొంచెం ఎక్కువ. ఆ హద్దు దాటిన క్షణం మాత్రం ఇథనాల్ పెట్రోలును విడిచి నీళ్ళ వెంట వెళ్ళిపోతుంది. ఎనిమిది లీటర్ల ఈ20లో లీటరున్నర పైచిలుకు ఇథనాల్ ఉంటుంది. దానిలో చాలా భాగాన్ని కిందికి లాగడానికి కొన్ని వందల మిల్లీలీటర్ల నీళ్ళు చాలు. అంటే మా సీసాలో కుడితిలా కనబడినదానిలో ఎక్కువ పాలు ఇథనాలే. పైన తేటగా కనబడిన ఆరున్నర లీటర్లు కూడా మంచివి కావు, ఆక్టేన్‌ను, అంటే ఇంజనులో వేళ కాని వేళ పేలిపోకుండా తట్టుకునే గుణాన్ని, నిలబెట్టే ఇథనాల్ వాటిని విడిచి వెళ్ళిపోయింది.

నమ్మకం కుదరక నేను చిన్న పరీక్ష చేశాను. కొలగాజులో తొంభై మిల్లీలీటర్ల తాజా పెట్రోలు, పది మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, కలిపి, ఉంచాను. పది పోస్తే అడుగున పాతిక దాటి చేరింది. ఇదే పరీక్షను ఫోనులో చిత్రీకరించి, "చూడండి, పెట్రోలులో నీళ్ళెలా కలిపారో" అంటూ తిప్పుతున్న వీడియోలు నాకు ఎన్నోసార్లు వచ్చాయి. ఆ పెరిగినవి నీళ్ళు కావు, నీళ్ళు పిలిస్తే వచ్చిన ఇథనాల్. కల్తీ మీద అనుమానం ఉన్నవారు బంకులో వడపోత కాగితం అడగవచ్చు, అది ఇవ్వడం వారి బాధ్యత. చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరాలి. మా పాత పెట్రోలు చుక్క ఆరాక కాగితం మీద పసుపురంగు వలయం మిగిలింది, పక్కనే వేసిన తాజా చుక్క ఆనవాలు లేకుండా పోయింది.

ఇంతకీ తాజా పెట్రోలు ఎలా వచ్చిందో చెప్పాలి. ట్యాంకు అడుగు కడగడానికి రెండు లీటర్లు కావలసి వచ్చింది. బంకులో సీసాలో పోయరు. కుర్రవాడు తన మోటారు సైకిలు ట్యాంకు నింపుకు వచ్చి, కింది ట్యాపు నుంచి పైపు ఊడదీసి, టిన్నులోకి పట్టి ఇచ్చాడు. దాన్ని మా ట్యాంకులో పోసి, కారును రెండు వైపుల నుంచీ ఊపి, మళ్ళీ అంతా లాగేశారు. దుకాణాల్లో వాడే బనియన్ వేస్టు నూలు పోగులు వదులుతుందని, అమ్మను అడిగి నాన్నగారి పాత పంచె చింపించి, ఆ ముక్కలతో గుంటను ఒత్తి తుడిచారు. మా ట్యాంకు ప్లాస్టిక్‌ది కనుక తుప్పు గొడవ లేదు. ఇనుప ట్యాంకు అయి ఉంటే ఈ లీటరున్నర దాన్ని లోపలి నుంచి తినేసి ఉండేది. అలాంటి ట్యాంకుకు చిల్లి పడితే, ఖాళీ చేశాం కదా అని వెల్డింగుకు ఇవ్వడం కంటే సాహసం లేదు. నిండు ట్యాంకులో మండేది పైపైన, ఖాళీ ట్యాంకు నిండా ఉండేది ఆవిరే.

డీజిలు బళ్ళ కథ వేరు. డీజిలు ఇంత త్వరగా ఆవిరి కాదు, కానీ అడుగున నీళ్ళు చేరితే నీటికీ డీజిలుకూ మధ్య గీత దగ్గర బూజు జాతి సూక్ష్మజీవులు పెరిగి, నల్లని జిగట పొరగా ఫిల్టరును మూసేస్తాయి. మా ఊళ్ళో ఏడాదికి నాలుగు నెలలే కదిలే ట్రాక్టర్లలో అది మామూలు.

తీసిన దాన్ని ఏం చేయాలన్నదే అసలు చిక్కు. కాలువలో పోయమని పక్కింటివారు చాలా మామూలుగా చెప్పారు. కృష్ణా డెల్టాలో నాలుగు నిలువులు తవ్వితే నీళ్ళు పడతాయి, మా పెరట్లో ఇప్పటికీ బావి ఉంది. నేల మీద పోసినది ఎక్కడికి చేరుతుందో లెక్క వేయనక్కరలేదు. కాలువలో పోస్తే నీటి మీద తేలుతూ, ఎక్కడో ఒక బీడీ ముక్క కోసం ఎదురుచూస్తుంది. వాడిన ఇంజను ఆయిలు డ్రమ్ములో కలిపేద్దామంటే మేస్త్రి ఒప్పుకోలేదు. ఆయిలును మళ్ళీ శుద్ధి చేయడానికి తీసుకువెళ్ళేవారు దాన్ని వేడి చేస్తారు, అందులో పెట్రోలు ఉందని వారికి తెలియదు. చివరికి ఆయన దుకాణం పక్కనున్న పెయింటు షెడ్డులో వాడేసిన థిన్నరును విడిగా పోగుచేసి, అనుమతి ఉన్న వ్యర్థాల సంస్థకు ఇస్తారని తేలింది. రెండు టిన్నులనూ మూత బిగించి, మీద ఏముందో సున్నంతో పెద్ద అక్షరాలతో రాసి, అక్కడికే పంపాము. పైభాగం ఆరున్నర లీటర్లను చేతులు కడుక్కోవడానికీ, పళ్ళచక్రాలు తుడవడానికీ ఉంచుకుంటానని కుర్రవాడు అడిగాడు. ఆటోనగర్‌లో అది రోజువారీ అలవాటే గాని, పెట్రోలులో ఉండే విషపదార్థమైన బెంజీనును వట్టి చేతుల చర్మంలోంచి ఒంట్లోకి ఎక్కించుకునే ఆ అలవాటును ఇరవై ఏళ్ళ కుర్రవాడికి నా పెట్రోలుతో అంటగట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

కొత్త ఫిల్టరు వేశారు. ఇంజెక్టర్లు విప్పి దుకాణంలో శుభ్రం చేయించి తెచ్చారు, అంటే నా మూడు తాళాల ఖరీదు. పంపు కింది జాలీ కడిగి, రబ్బరు రింగు కొత్తది వేసి బిగించారు. అయిదు లీటర్లు పోసి, ఇంజను తిప్పకుండా తాళం మాత్రం సగం తిప్పి, పంపు మోగి ఆగేదాకా ఉంచి, మళ్ళీ కట్టి, ఇలా నాలుగుసార్లు చేశాక అయిదోసారి పూర్తిగా తిప్పారు. కాస్త దగ్గి, తెల్లని పొగ వదిలి, నిలదొక్కుకుంది. వరండాలో కుర్చీలో కూర్చుని పొద్దుటి నుంచీ చూస్తున్న నాన్నగారు అప్పుడు లేచి, కర్ర పట్టుకుని దగ్గరకు వచ్చారు.

నీళ్ళు ఎలా పోయాయన్నది మిగిలింది. నేను మొదట ఆవిరి గడ్డకట్టి ఉంటుందన్నాను, ఎక్కడ చదివినా అదే రాస్తారు. కానీ కాగితం మీద లెక్క వేస్తే అది నిలవలేదు. ముప్పై డిగ్రీల వేడిమిలో పూర్తిగా తేమ పట్టిన గాలి ఒక ఘనపు మీటరులో ముప్పై గ్రాముల నీటి ఆవిరే ఉంటుంది. మా ట్యాంకులో ఖాళీ ఇరవై ఏడు లీటర్లు, అందులోని తేమ అంతా కలిపినా ఒక గ్రాము లేదు. రోజూ ఆ గాలిలో కొద్ది పాలే మారుతుంది. అలా వందల మిల్లీలీటర్లు చేరాలంటే పదిహేడు నెలలు చాలవు.

జవాబు చూరులో ఉంది. సాయంత్రం మేస్త్రి కారు పక్కన నిలబడి రేకుల అంచు నుంచి కిందికి చూపు సారించారు. వాన పడితే రేకుల మీది నీరంతా జారే చోటు సరిగ్గా పెట్రోలు మూత ఉన్న చిన్న తలుపు మీదికి వస్తుంది. ఆ తలుపు వెనుక గిన్నెలాంటి గుంట, గుంట అడుగున నీరు పోవడానికి పెన్సిలు మందం చిల్లు. ఆ చిల్లును వేపాకు, దుమ్ము కలిసి అట్టలా మూసేశాయి. అందువల్ల వాన పడిన ప్రతిసారీ మూత చుట్టూ గిన్నె నిండింది. మూత కింది రబ్బరు రింగు ఎండకు బీటలు వారింది. ఇక మిగిలిన పనిని వాతావరణమే చేసింది: మధ్యాహ్నం ఎండకు ట్యాంకులోని గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది, సాయంత్రం వాన పడగానే చల్లబడి లోపల గాలి తగ్గి, బయటి నుంచి పీలుస్తుంది. పీల్చే దారిలో గాలికి బదులు నీళ్ళున్నాయి. 2024 ఆగస్టు ఆఖరున, బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిన ఆ వానల్లో, మా వీధిలోకి వరద రాలేదని ఊపిరి పీల్చుకున్నాం. ట్యాంకు కూడా ఆ పనే చేసింది.

కుర్రవాడు చీపురుపుల్లతో చిల్లును పొడిస్తే బొటనవేలంత మట్టిముద్ద ఊడి పడింది. కొత్త మూత తెప్పించి బిగించాము. ఇక ముందు రెండు మూడు నెలలు కదలదని తెలిస్తే ట్యాంకు నింపి ఉంచమని, లోపల గాలి తక్కువైతే పీల్చేదీ తక్కువేనని, అంతకు మించి నిలబెట్టాల్సి వస్తే మొత్తం తీయించేయమని మేస్త్రి చెప్పారు. నాన్నగారు అవేవీ పట్టించుకోకుండా, పాత మూతను చేతిలో తిప్పి చూస్తూ, "రింగు పోయిందని నేను నీకు ఫోనులో చెప్పాను కదరా" అన్నారు. చెప్పే ఉంటారు. ఇప్పుడు కారును ముక్కు బయటికి పెట్టి నిలుపుతున్నాము, చూరునీళ్ళు బానెట్ మీద పడుతున్నాయి.